దూది మింగిన పాట

పరుపులమ్మకి ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోవడం చేతకాదు. పక్క కొట్టు టైలరు మధ్యాహ్నం కప్పు టీ పంపితే, సాయంత్రం కొట్టు కట్టేలోగా అతని కుర్చీలోకి ఒక చిన్న దిండు వెళ్ళిపోవలసిందే. ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం, రెండూ సరితూగాయా లేదా అని చూసుకునే ముప్పై ఏళ్ళు వ్యాపారమూ చేసింది, కాపురమూ చేసింది. ఆమె అసలు పేరు కొట్టు లైసెన్సు మీద ఉంది గాని, దాన్ని చదివిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఊరంతటికీ ఆమె పరుపులమ్మే.

అటువంటి మనిషికి, ఏ త్రాసులో పెట్టినా ముల్లు ఒకవైపే మొగ్గే సంగతి ఒకటి ఎదురైంది.

భర్త మంచాన పడి ఐదు నెలలున్నాడు. ఇక ఇంటికి తీసుకెళ్ళమని ఆసుపత్రి వాళ్ళు చెప్పిన రోజున, మందుల చీటీ వెనక ఒక ఫోన్ నంబరు కూడా రాసిచ్చారు. ఇళ్ళకి వచ్చి రోగుల్ని చూసుకునే సంఘం నంబరది. రిటైరైన నర్సులు కొందరు కలిసి నడుపుకుంటారు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. మర్నాడు పొద్దున ఏడింటికల్లా సిస్టర్ వచ్చి, కొట్టు వెనకే ఉన్న ఇంటి తలుపు తట్టింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. పొట్టి. నడక మాత్రం పాతికేళ్ళ వాళ్ళని వెనక వదిలేసేలా ఉంది. లోపలికి వచ్చి, రోగి కంటే ముందు అతని కింద ఉన్న పరుపుని చేత్తో నొక్కి చూసింది.

"ఇదెవరు వేశారు?"

"నేనేనండి. మా కొట్లో దీన్ని మించింది లేదు. పద్దెనిమిది కిలోల దూది," అంది పరుపులమ్మ, కాస్త గర్వంగానే.

"బావుంది, లేచి తిరిగేవాళ్ళకి. కదలలేని మనిషి ఇందులో కూరుకుపోతే వారం తిరక్కుండా వీపు పుండవుతుంది. తీసెయ్యండి. గట్టిది వేసి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. నేనుంటే నేను తిప్పుతా, నేను లేనప్పుడు మీరు. రండి, చూపిస్తా."

ముప్పై ఏళ్ళు పరుపులమ్మిన మనిషికి, పరుపు మీద మనిషిని ఎలా పడుకోబెట్టాలో ఆ రోజు తెలిసింది. ఐదు నెలల్లో ఆయన ఒంటి మీద ఒక్క పుండు లేచింది లేదు. పోయేముందు రోజు కూడా సిస్టర్ ఆయన గడ్డం గీసి, అద్దం చూపించి, "ఇప్పుడు ఎవరొచ్చినా పర్లేదు," అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు పరుపులమ్మకి ఉండిపోయింది.

కర్మలన్నీ అయ్యాక ఒక పరుపు కొత్త గలీబు వేసి ఆటోలో సిస్టర్ ఇంటికి పంపింది. అదే ఆటోలో తిరిగొచ్చింది, పైన గుండుసూదితో గుచ్చిన చీటీతో: 'పడుకునేవాళ్ళకి ఇవ్వండి. నేనింకా నిలబడే ఉన్నాను.' దుప్పట్లు పంపితే అవీ తిరిగొచ్చాయి. పరుపులమ్మకి ఇది మింగుడు పడలేదు. ఎంత గీచి గీచి బేరమాడే వాళ్ళనైనా దారికి తెచ్చుకుంది గాని, ఏమీ వద్దనే మనిషితో బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ఈలోగా సిస్టర్ గొంతుకి ఆపరేషన్ అయిందని తెలిసి చూడబోయింది. సిస్టర్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. గొంతు పూర్తిగా గుసగుసలోకి దిగిపోయింది. ఇక పైకి రాదని డాక్టరు చెప్పాడట.

"సిస్టర్, ఏదో ఒకటి అడగండి. మీరేమీ తీసుకోకపోతే నాకు నిద్ర పట్టట్లేదు."

"పరుపులమ్ముకునేదానికి నిద్ర పట్టకపోతే కొనేవాళ్ళ గతేం కావాలి?" అని సిస్టర్ గుసగుసగానే వెక్కిరించింది. కిటికీ మీంచి చూపు తిప్పి అడిగింది. "మీ గోడౌను ఎంతుంటుంది?"

"నలభై అడుగులు పొడుగు, పాతిక వెడల్పు."

"ముప్పై మంది నిలబడగలరా?"

"సరుకు గోడలకి నెడితే నిలబడగలరు."

"అయితే మా పాటల వాళ్ళకి నాలుగు నెలలు సాయంత్రాలు ఇవ్వు. బడివాళ్ళు రిపేర్లని చెప్పి గది తీసేసుకున్నారు. నువ్వూ పాడు. కొట్లో లెక్క చెప్పేటప్పుడు విన్నాను, గొంతు పర్లేదు."

అలా 'మీరు' పోయి 'నువ్వు' అయింది. పరుపులమ్మ ప్రాణం కొంత కుదుటపడింది. చివరికి ఒకటి అడిగారు గదా.

ఆ పాటల బృందం సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఏటా ఒక్క కచేరి చేస్తారు, టౌన్ హాల్లో. వచ్చినదంతా ఊళ్ళో ఏదో ఒక సంఘానికి ఇచ్చేస్తారు. ఈసారి వంతు సిస్టర్ వాళ్ళ సంఘానిది. కచేరి రోజుని మాత్రం ఎవరూ మార్చరు. టౌన్ హాలు ముందు తలుపు అందరికీ తెరుచుకున్న రోజది. యాభై ఏళ్ళ కిందటి దాకా రేవు పక్కన కాపురాలుండేవాళ్ళు ఆ తలుపులోంచి అడుగు పెట్టకూడదు. ఊడవడానికో, కుర్చీలు మొయ్యడానికో అయితే వెనక సందులోంచి రావచ్చు. ఒక రోజు పొద్దున రేవు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, హాలు మొదటి మెట్టు మీద కూర్చుని పాట అందుకున్నాడు. కాసేపటికి ఇంకొకరు వచ్చి రెండో మెట్టు మీద కూర్చుని తన వరుస తాను పాడారు. సాయంత్రానికి పదకొండు మెట్ల మీద పదకొండు మంది. పంతొమ్మిది రోజులు కూర్చున్నారు. ఇరవయ్యో రోజు తలుపు తీశారు. ఏడో మెట్టు మీద కూర్చున్న పదిహేడేళ్ళ పిల్లే తర్వాత నర్సు చదువు చదివి సిస్టర్ అయింది.

ఆ పాటని మెట్ల పాట అంటారు. ఏటా కచేరి దానితోనే ముగుస్తుంది. పాట అందరూ కలిసి పాడినా, ఇన్నేళ్ళూ ఏడో వరుస ఎత్తుకునేది సిస్టరే. ఈసారి పాడే గొంతు లేదు గనక, ఆ వరుస పరుపులమ్మకి ఇమ్మని చీటీ రాసి పంపింది.

బృందాన్ని నడిపేది మాస్టారు. బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు, సంగీతం సొంతంగా పట్టుబట్టి నేర్చుకున్నాడు. పాత స్కేలు బద్దతో గాలిలో తాళం చూపిస్తాడు. పరుపులమ్మ పాట విని, "శ్రుతి ఉందమ్మా. తొందర ఇంకా ఎక్కువుంది. ఆరో గొంతు వరుస పూర్తయ్యేదాకా ఆగాలి. మీరు గిరాకీ వెళ్ళిపోతాడేమో అన్నట్టు అందుకుంటున్నారు," అన్నాడు.

"గిరాకీ వెళ్ళిపోతే మీరు తెస్తారా మాస్టారూ?" అంది పరుపులమ్మ వాళ్ళ వదిన వెనక వరసలోంచి. భర్తకి అక్క. ఇరవై ఏళ్ళుగా బృందంలో పైగొంతు ఆవిడదే, వెక్కిరింతలూ ఆవిడవే.

గోడౌనులో పాటకి ఎన్నడూ లేని కళ వచ్చింది. నాలుగు గోడలకీ ఆనించి పరుపులు, పైకప్పు దాకా దూది బేళ్ళు. బడి గదిలో పాడిన రోజుల్లో ఒకరి మాట ఇంకొకరి మాటలో కలిసి బొంగురుగా వినపడేది. ఇక్కడ ఎవరి మాట వాళ్ళదిగా, కడిగి ఆరేసినట్టు తేటగా ఉంది. మాస్టారు పొంగిపోయాడు. ఇన్నాళ్ళూ అందరూ కలిసి ఒకే గొంతుగా పాడిన మెట్ల పాటని ఈసారి అసలు జరిగినట్టే, పదకొండు గొంతులకి పదకొండు వరుసలుగా విడదీశాడు. ఒకరు తన వరుస పూర్తిచేసి ఆగకుండా మళ్ళీ దాన్నే అందుకుంటుంటే, దాని మీద రెండోది, దాని మీద మూడోది. "ఇంకా గట్టిగా," అనేవాడు. ఎంత గట్టిగా పాడినా ఇంకా చాలదనే అనిపించేది.

ఈ సంగతి చెబితే సిస్టర్ కళ్ళు పెద్దవి చేసుకుంది. దూది నలుసులు గొంతుకి మంచివి కావని డాక్టరు కట్టడి చేశాడు గనక, ఆవిడ గోడౌనుకి రాలేదు.

"విడివిడిగానా? ఆ రోజు అలాగే ఉంది. ఒక్కొక్కళ్ళమే వచ్చాం," అంది. మళ్ళీ కాసేపటికి, "నేనెప్పుడూ దాన్ని బయటి నుంచి వినలేదు, తెలుసా? పాడేవాళ్ళకి తమ గొంతే వినపడుతుంది. ఈసారి కుర్చీలో కూర్చుని వింటాను," అంది.

"ఆ రోజు ఎలా ఉందో అలాగే వింటారు సిస్టర్. పూచీ నాది," అంది పరుపులమ్మ. కొట్లో ఆ మాట అన్నాక సరుకు వెనక్కి వచ్చిన రోజు లేదు.

కచేరి సాయంత్రం నాలుగింటికి. హాలు ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి గాని చేతికి రాలేదు. రాతి నేల, నున్నటి గోడలు, రెండు నిలువుల ఎత్తు కప్పు, వరసగా ఖాళీ చెక్క కుర్చీలు. అందరూ వేదిక మీద నిలబడ్డారు. మాస్టారు బద్ద ఎత్తాడు. మొదటి గొంతు బస్సు కండక్టరుది. దిగువ శ్రుతిలో ఆయన ఒక్కడే పాడినంతసేపూ బాగానే ఉంది. రెండో గొంతు చేరేసరికి కండక్టరు పాడేసిన మాటలు వెనక గోడకి కొట్టుకుని తిరిగొచ్చి దీనికి అడ్డం పడ్డాయి. నాలుగో గొంతుకి ఏ మాట ఎవరిదో తెలియలేదు. ఏడో వరుస ఎక్కడ అందుకోవాలో పరుపులమ్మకి అర్థమే కాలేదు. పదకొండూ చేరేసరికి అది పాట కాదు, సంత.

మాస్టారు బద్ద దించాడు. దించాక కూడా హాలు కాసేపు తనంతట తానే పాడుతూ ఉంది.

"మెల్లిగా పాడదాం," అన్నాడు.

మెల్లిగా పాడబోయారు. నాలుగు నెలలు గట్టిగా పాడిన గొంతులు రెండు వరుసలు మెల్లిగా ఉండి, మూడో వరుసకి మళ్ళీ తమ దారిన పడ్డాయి. మూడుసార్లు చూశారు. మాస్టారు వేదిక అంచున కూర్చుండిపోయాడు.

"పదకొండు వరుసలు వద్దు. పాత పద్ధతిలో అందరం ఒకే గొంతుగా పాడేద్దాం. అదైనా కుదిరితే," అన్నాడు.

పరుపులమ్మ ముందు వరసలో ఖాళీ కుర్చీ వైపు చూసింది. సిస్టర్ కుర్చీలో కూర్చుని వినాలనుకున్నది పాత పద్ధతి కాదు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనడానికీ లేదు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, ఆ గొంతు చూస్తే అలా ఉంది. ఆమెకి ఇంకో సంగతి కూడా తట్టింది. హాలు ఎప్పటి హాలే. మారింది తాము పాడుకున్న చోటు.

"మాస్టారూ, తప్పు పాటలో లేదు. నా గోడౌనులో ఉంది," అంది.

అందరూ తిరిగి చూశారు.

"దూది చప్పుడు మింగేస్తుంది. పరుపు మీద ఇనుప గుండు పడేసినా వినపడదు. నాలుగు నెలలు మనం పాడిందంతా అది మింగుతూ పోయింది, మనం ఇంకా పెడుతూ పోయాం. బడి గదిలో అయితే ఈ పాటికి మీరే కనిపెట్టేవాళ్ళు. నేను గది ఇచ్చాననుకున్నాను. చెడ్డ సరుకు ఇచ్చాను."

"ఏమే, ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటావా?" అంది వదిన.

వదిన నవ్వులాటకే అన్నా, పరుపులమ్మ చెవిని పట్టుకుంది ఆ మాట. చెడ్డ సరుకు వెనక్కి తీసుకుని ఏం లాభం, వీళ్ళ దగ్గర ఇంకో సరుకు లేదు. హాలుని గోడౌను చెయ్యాలి, అంతే.

కొట్టు హాలుకి ఎదురుగానే, రోడ్డు దాటితే చాలు. హాస్టలు వాళ్ళు చెప్పిన యాభై రెండు పరుపులు కుట్టించి, కవర్లు తొడిగించి సిద్ధంగా ఉన్నాయి. మర్నాడు పొద్దున పంపాలి. ఒకళ్ళ కోసం కుట్టించినవి వాళ్ళకి చెప్పకుండా వాడే అలవాటు ఆమెకి లేదు. హాస్టలు వార్డెనుకి ఫోన్ చేసింది.

"మీ పరుపులు ఇవాళ ఒక కచేరికి వెళ్ళి రావాలండి. కవర్లు విప్పం, నేలకి తాకనివ్వం. వద్దంటే చెప్పండి, వీటిని ఉంచేసుకుని మీకు పది రోజుల్లో కొత్తవి కుట్టిస్తాను."

వార్డెను ఆవిడకి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. అర్థమయ్యాక అవతల నుంచి నవ్వు వినపడింది. "మా పిల్లలు సగంమంది రాత్రుళ్ళు నిద్రపోరు. పాట విన్న పరుపులైతే పోతారేమో చూద్దాం. నాకూ మా ఆయనకీ ముందు వరసలో కుర్చీలు ఉంచండి."

అడ్డుపడింది హాలు తాళాలాయన. ముప్పై మంది రోడ్డుకి అడ్డంగా పరుపులు మోసుకొస్తుంటే రెండు చేతులూ చాచి ముందు తలుపులో నిలబడ్డాడు.

"సామాన్లు వెనక తలుపు నుంచండి. రూలు."

"వెనక తలుపా? ఇవాళ మేం పాడేది దాని గురించే గదయ్యా," అన్నాడు కండక్టరు, నెత్తి మీద పరుపుతో.

తాళాలాయన మొహం ఎర్రబడింది. "మనుషుల గురించి అనట్లేదండి. సామాన్ల సంగతి చెప్తున్నా."

"అనలేదులే బాబూ. పద, వెనకనుంచే పోదాం," అంది పరుపులమ్మ. రూలుతో పోట్లాడేకన్నా దాన్ని కొలిచి చూడడమే సులువని ఆమెకి తెలుసు. సందులోకి తిరిగి, మొదటి పరుపుని వెనక తలుపుకి అడ్డంగా పెట్టి చూపించింది. రెండడుగుల సందు, పొట్టి తలుపు, ఆరడుగుల పరుపు. నిలబెడితే పైన తగులుతుంది, పక్కకి వాలిస్తే మలుపు తిరగదు. లోపల కొబ్బరి పీచు పలక పెట్టిన రకం, మడిస్తే విరుగుతుంది. తాళాలాయన పరుపుని చూశాడు, తలుపుని చూశాడు, తల గోక్కున్నాడు. తర్వాత పరుపు రెండో కొస పట్టుకుని ముందు తలుపు వైపు నడిచాడు.

ఎక్కడ పెట్టాలో చెప్పింది పరుపులమ్మే. పరుపులో దూది సమంగా పరిచారా, గడ్డ కట్టిందా అన్నది అరచేత్తో చరిచి, విని చెప్పడం ఆమె వృత్తి. ఇప్పుడు హాలు నడుమ నిలబడి చప్పట్లు కొట్టింది. ఎటునుంచి తిరిగొస్తోందో చెవి ఒగ్గి విని, "వెనక గోడకి పన్నెండు. బాల్కనీ కటకటాలకి తాళ్ళతో కట్టండి, అక్కణ్ణుంచి గట్టిగా వస్తోంది," అంది. కింద పాత గోనెలు పరిచి వాటి మీద పరుపులు నిలబెట్టారు. మళ్ళీ చప్పట్లు, మళ్ళీ రెండు పరుపులు. మాస్టారు నోట్సు పుస్తకం చంకలో పెట్టుకుని వెనకే తిరుగుతూ, "ఇది ప్రయోగశాలలో నేర్పించవలసిన పాఠం," అని రెండుసార్లు అన్నాడు.

ఒంటిగంటకి సిస్టర్ వచ్చింది. ఊరి వాళ్ళంతా కలిసి టౌన్ హాలుకి కాపురం మారుస్తున్నారని ఎవరో చెప్పారట. ముందు వరసలో కూర్చుని, గోడలకి ఆనిన పరుపుల్ని ఒక్కొక్కటే చూసింది. పాటల వాళ్ళు భోజనానికి వెళ్ళారు. పరుపులమ్మ ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. ఇన్ని నెలల నుంచి చెప్పాలనుకుంటూ దాటేస్తున్న మాట ఇప్పుడు చెప్పకపోతే ఏడో వరుస పాడే మొహం తనకి ఉండదనిపించింది.

"సిస్టర్, ఎదుటి కొట్టు మా నాన్నది. మీరు మెట్ల మీద కూర్చున్న మొదటి రోజున మీలో ఎవరో మంచినీళ్ళు అడగడానికి వచ్చారు. నాన్న ఇవ్వననలేదు. షట్టరు దించమన్నాడు. దించింది నేనే, ఎనిమిదేళ్ళ పిల్లని. పంతొమ్మిది రోజులూ అది దించే ఉంది. మా ఆయన్ని చూడ్డానికి మీరొచ్చిన రోజునే చెప్పవలసింది. మీరు రావడం మానేస్తారేమోనని చెప్పలేదు."

సిస్టర్ ఆమె వైపు తిరిగింది. గుసగుస వినపడడానికి పరుపులమ్మ తల వంచవలసి వచ్చింది.

"బోర్డు చూడకుండానే మీ ఇంట్లోకి వచ్చాననుకున్నావా? ఆ షట్టరుకి ఎన్ని సొట్టలున్నాయో ఇప్పటికీ చెప్తాను. పంతొమ్మిది రోజులు దాన్నే చూశాం. నువ్వు స్టూలెక్కినా కొక్కెం అందలేదు. మూడుసార్లు ఎగిరావు. మేం పదకొండుమందీ నవ్వాం. ఆ రోజంతా మేం నవ్వింది ఆ ఒక్కసారే."

"కోపం రాలేదా మీకు?"

"రాకేం. దాహం వేస్తే ఎవరికి రాదు? మీ నాన్న మీద చాలా ఏళ్ళుంది. దానికీ, మంచం మీద ఉన్న మనిషికీ ఏం సంబంధం? అతన్ని రెండు గంటలకోసారి తిప్పాలి, అంతే గదా." సిస్టర్ చెయ్యి చాచి పక్కనున్న పరుపుని నొక్కి చూసింది. "ఇది బావుంది, గట్టిగా ఉంది. వెళ్ళి అన్నం తిను. ఖాళీ కడుపుతో ఏడో వరుస అందదు."

మూడున్నరకి జనం రావడం మొదలైంది. కుర్చీలు నిండి, గోడల వారగా పరుపులకి ముందు కూడా నిలబడ్డారు. కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన లోపలికి వచ్చి చుట్టూ చూసి, "కచేరి ఎంతసేపేమిటి, పడకలు కూడా ఏర్పాటు చేశారు?" అని అడిగాడు. ఆ నవ్వు ముందు వరస దాకా పాకింది. హాస్టలు వార్డెను తన పరుపుల్ని గుర్తుపట్టి భర్తకి చూపిస్తోంది. తాళాలాయన ముందు తలుపు రెండు రెక్కలూ తీసిపెట్టి, వచ్చినవాళ్ళకి దారి చూపిస్తూ ఆ తలుపులోనే నిలబడ్డాడు.

మొదట పాడిన ఆరు పాటల్లో పరుపులమ్మకి ఏవీ సరిగ్గా గుర్తులేవు. మాటలు ఎదుటివాళ్ళకి తేటగా వెళ్తున్నాయన్నది మాత్రం మొహాలు చూసి తెలుసుకుంది. గిరాకీ మొహం చూసి బేరం ఎటు పోతోందో చెప్పగల మనిషి, ఆ మాత్రం పోల్చుకోలేదా.

మెట్ల పాట వచ్చింది. మాస్టారు బద్ద పక్కన పెట్టేశాడు. ఆ రోజు మెట్ల మీద ఎవరూ తాళం చూపించలేదు గదా, అన్నాడు అంతకుముందే. కండక్టరు ఒక్కడే ముందుకొచ్చి మొదటి వరుస పాడాడు. హాలు దాన్ని తిరిగి ఇవ్వలేదు, తనలో ఉంచుకుంది. టైలరు వచ్చి అతని పక్కన నిలబడి రెండో వరుస అందుకున్నాడు. రెండు దారాలు పక్కపక్కనే ఉన్నట్టు రెండూ వినపడుతున్నాయి. మూడో గొంతు వదినది. నోరు తెరిస్తే వెక్కిరింతే అయిన ఆ మనిషి, పైశ్రుతిలో అంత మెత్తగా పాడగలదని పరుపులమ్మకి ఇరవై ఏళ్ళలో తెలియలేదు.

పరుపులమ్మ సిస్టర్‌నే చూస్తోంది. సిస్టర్ కళ్ళు మూసుకోలేదు. ఒక్కో గొంతు చేరినప్పుడల్లా వేదిక మీద ఒక్కో చోటికి చూపు తిప్పుతోంది. వచ్చి కూర్చుంటున్నది ఎవరో ఆవిడకి కనపడుతోందనిపించింది. నాలుగు. ఐదు. ఆరో వరుస తపాలా ఆఫీసులో పనిచేసే ఆయనది. పూర్తయ్యేదాకా ఆగాలి, ఆగాలి అనుకుంటూనే, ఆయన చివరి మాట ఇంకా నోట్లో ఉండగా పరుపులమ్మ ముందుకు అడుగేసి అందుకుంది.

అందుకున్నాక ఇక వెనక్కి తీసుకోలేదు. పాడింది. తన గొంతు తన చుట్టూ ఉన్న ఆరు గొంతుల్లో పోకుండా నిలబడింది. సిస్టర్ చూపు తన మీదికి వచ్చి ఆగింది. ఎనిమిదో గొంతు చేరేదాకా కదల్లేదు. తర్వాత పదకొండూ వచ్చాయి, పదకొండూ వేటికవి వినపడ్డాయి. చివర బృందమంతా కలిసినప్పుడు హాల్లో వాళ్ళు కూడా లేచారు. వెనక గోడ దగ్గర పరుపులకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు పాడడం మొదలుపెట్టారు.

పాట అయ్యాక చప్పట్లు ఎంతసేపు మోగాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పరుపులమ్మ వేదిక దిగి నేరుగా ముందు వరసకి వెళ్ళింది. సిస్టర్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. బుగ్గలు తడిసి ఉన్నాయి, తుడుచుకోలేదు.

"ఏడో గొంతు ముందే వచ్చేసింది," అంది గుసగుసగా.

"తెలుసండి. మాస్టారు నాలుగు నెలల నుంచి నెత్తీనోరూ కొట్టుకుంటూనే ఉన్నారు."

"ఆ రోజూ అంతే. ఆరో ఆయన ఇంకా పూర్తిగా కూర్చోనే లేదు, నేను గబుక్కున కూర్చుని అందుకున్నాను. కాసేపు ఆగితే ధైర్యం పోతుందేమోనని." సిస్టర్ నవ్వింది. "ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా అలాగే పాడావు. విన్నాను. మొత్తం విన్నాను."

పరుపులమ్మ దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది. సంఘానికి ఏటా పది గట్టి పరుపులు ఇస్తానని, సిస్టర్ కాదనకుండా ఎలా చెప్పాలో పొద్దుటి నుంచి కూర్చుకుంటోంది. తీరా నోరు తెరిస్తే అది రాలేదు.

"మీరు వచ్చారు సిస్టర్," అంది. "రోజూ ఏడింటికల్లా వచ్చారు. ఆయన్ని నవ్వుతూ పంపించారు. నేనొక్కదాన్నే అయితే నా వల్ల అయ్యేది కాదు. ఆ మాట మీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి పంపించడమే."

"ఊఁ. వచ్చాను," అంది సిస్టర్. పరుపులమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒడిలో పెట్టుకుంది. ఈసారి తిప్పి పంపలేదు.

జనం పల్చబడుతున్నారు. కండక్టరు, టైలరు, తాళాలాయన, ముక్కూమొహం తెలియని వాళ్ళు ఇంకొందరు బాల్కనీ తాళ్ళు విప్పి పరుపుల్ని దించుతున్నారు. వార్డెను భర్త చొక్కా చేతులు మడిచి ఒక కొస పట్టుకున్నాడు. ఒక్కో పరుపూ ముందు తలుపులోంచి, పదకొండు మెట్లు దిగి, రోడ్డు దాటి కొట్లోకి వెళ్తోంది. సరుకు కదిలేటప్పుడు పరుపులమ్మ దగ్గరుండి గలీబు దారాల దాకా చూసుకోకపోవడం ఎన్నడూ లేదు.

"ఏమే, యాభై రెండూ చేరాయో లేదో లెక్క చూసుకోవా?" అని వదిన తలుపు దగ్గర్నుంచి కేకేసింది.

"సరిపోతాయిలే వదినా, నువ్వున్నావుగా," అంది పరుపులమ్మ, కుర్చీలోంచి లేవకుండా.